నలభై దాటాక ఇంగ్లీషు పలక

పేరు రాయడంతో మొదలైన రాత్రి బడి - కువైట్ ప్రయాణానికి ముందు ఒక ఊరి ఆడవాళ్ళ తంటాలు

రాజోలు (మా ప్రతినిధి): సాయంత్రం ఆరున్నర కావస్తోంది. ప్రాథమిక పాఠశాల గేటు దగ్గర ఒకావిడ చేతిలో నోటుపుస్తకంతో అటూ ఇటూ తిరుగుతున్నారు. ఎవరికోసమమ్మా అని అడిగితే, "మా అమ్మాయి పుస్తకం మరచిపోయిందండి, ఇచ్చి పోదామని" అన్నారు. పిల్లల బడి వదిలి రెండు గంటలు దాటింది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, అడిగిన ఈ విలేకరికీ తెలుసు. కాసేపటికి మరో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి వస్తే వాళ్ళ వెనకే లోపలికి వెళ్ళి చివరి బల్ల మీద కూర్చున్నారు.

రాజోలు ప్రాంతంలోని ఒక గ్రామంలో పెద్దవాళ్ళకు ఇంగ్లీషు నేర్పే రాత్రి బడి గత సోమవారం మొదలైంది. చెప్పేది పదవీ విరమణ చేసిన ఒక ఇంగ్లీషు మేష్టారు. ఫీజు లేదు. ప్రధానోపాధ్యాయుని అనుమతితో ఒక గది, ఒక నల్లబల్ల, రెండు ట్యూబులైట్లు దొరికాయి. మొదటిరోజు వచ్చినవారు 19 మంది. అందులో 13 మంది ఆడవాళ్ళు. ఊరి పేరు, తమ పేర్లు పేపర్లో రాయవద్దని వారు కోరారు. "ఈ వయసులో ఏబీసీడీలేంటని నవ్వుతారండి" అన్నది వారి భయం. అందుకే రాయడం లేదు.

కోనసీమకూ కువైట్‌కూ ఉన్న బంధం ఈ జిల్లా పాఠకులకు కొత్తగా చెప్పాల్సినది కాదు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు వైపు ఏ వీధిలోకి వెళ్ళినా గల్ఫ్ డబ్బుతో లేచిన డాబా ఒకటైనా కనబడుతుంది. ఆ డాబా కట్టించిన ఇల్లాలికి పాస్‌పోర్టు మీద తన పేరు తాను చదువుకోవడం రాదన్న సంగతి మాత్రం బయటికి కనబడదు. ఈ బడికి వచ్చిన ఆడవాళ్ళలో ఎనిమిది మంది గల్ఫ్ వెళ్ళి వచ్చినవారో, వెళ్ళబోతున్నవారో. మిగతావారి అవసరాలు రకరకాలు. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్ళబోతున్న ఒక మామ్మగారు ఉన్నారు. మందుల చీటీ చదవాలనుకునే ఆటో డ్రైవరు, ఖతార్ వెళ్ళబోయే ఎలక్ట్రీషియన్ కుర్రాడు, కొబ్బరికాయల వ్యాపారి ఒకరు.

యాపిల్ పండుకు ముసుగు

గదిలో రెండో తరగతి పిల్లల బల్లలు. మోకాళ్ళు పట్టవు. కొందరు కాళ్ళు పక్కకు చాపి కూర్చున్నారు, మామ్మగారు ఏకంగా చాప తెప్పించుకున్నారు. గోడకు ఇంగ్లీషు అక్షరాల పటం ఉంది. ఏ పక్కన యాపిల్, బి పక్కన బంతి. మేష్టారు గదిలోకి రాగానే చేసిన మొదటి పని ఆ పటాన్ని వెనక్కి తిప్పడం.

"యాపిల్ పండు చూపించి ఇదేమిటని యాభై ఏళ్ళ మనిషిని అడిగితే రెండోరోజు ఆ మనిషి రాడు" అని ఆయన తర్వాత ఈ విలేకరికి వివరించారు. 1978 అక్టోబరు 2న దేశమంతటా జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైనప్పుడు ఆయన కాలేజీ కుర్రాడు. 15 నుంచి 35 ఏళ్ళ వారి కోసం పెట్టిన ఆ కేంద్రాల్లో ఒకదానిలో లాంతరు కింద తెలుగు అక్షరాలు చెప్పారట. "మొదటి వారం ముప్ఫై మంది, నెల తిరిగేసరికి నలుగురు. తప్పు వాళ్ళది కాదు. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాను" అని ఆయన ఒప్పుకున్నారు.

ఈసారి ఆయన హాజరు పట్టీ తీయలేదు. పుస్తకం తెరవలేదు. ముందు బల్ల మీద కూర్చున్న ఒకావిడను చూసి, "అమ్మా, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పండి. తెలుగులోనే చెప్పండి" అన్నారు. ఆవిడ బిత్తరపోయి పక్కవాళ్ళ వంక చూసి, తర్వాత అందుకున్నారు.

"ఐదింటికి లేచానండి. బ్రష్షు చేసుకుని, గ్యాసు వెలిగించి టీ పెట్టానండి. కరెంటు పోద్దేమోనని ముందే మోటారేసి ట్యాంకు నింపాను. మా వాడికి బాక్సు కట్టి స్కూలుకి పంపాను. ఆటో ఎక్కి బ్యాంకుకెళ్ళానండి, గోల్డు లోను వడ్డీ కట్టాలి గదండి. టోకెనిచ్చి కూర్చోమన్నారు. ఈలోగా క్యాషియరు గారు లంచికెళ్ళిపోయారు. రెండింటికి గాని పనవలేదండి. వచ్చేటప్పుడు ఫోను రీచార్జి చేయించి ఇంటికొచ్చాను."

ఆవిడ చెబుతుంటే మేష్టారు వెనక్కి తిరిగి నల్లబల్ల మీద గీతలు గీస్తున్నారు. చెప్పడం పూర్తయ్యాక లెక్కపెడితే 17 గీతలు. అవి ఏమిటని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. "ఇవన్నీ ఇంగ్లీషు మాటలమ్మా. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదన్నారు ఇందాక. నిమిషంలో పదిహేడు చెప్పారు" అన్నారాయన. గదిలో మొదటిసారి నవ్వులు వినిపించాయి. ఆటో డ్రైవరు అందుకుని క్లచ్చు, గేరు, పంక్చరు, స్టాండు అంటూ పదిపన్నెండు ఏకరువు పెట్టాడు. ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఫ్యూజు, వైరు, స్విచ్చి అని మొదలుపెట్టి ఆగలేదు. పోటీ పెరిగి నల్లబల్ల నిండిపోయింది.

అసలు పాఠం అక్కడ మొదలైంది. మన నోటికి మాట చివర అచ్చు లేకపోతే తోచదు. అందుకే బస్ అన్నదానికి ఉకారం తగిలించి బస్సు చేసుకున్నాం, బ్యాంక్‌ను బ్యాంకు చేసుకున్నాం. ఆ తోక కోసేస్తే చాలావరకు అసలు మాట వచ్చేస్తుంది. తోక కోయడం చెప్పినంత తేలిక కాదని మాత్రం పది నిమిషాల్లో తేలిపోయింది. 'బాక్స్' అనమంటే 'బాక్స్... సు' అని చివర్లో సన్నగా ఉకారం జారిపోతూనే ఉంది. స్కూలుకు ముందు ఇకారం చేరి ఇస్కూలు అవుతోంది. ఒకరినొకరు దిద్దుకోవడంలో బిడియం కొంత వదిలింది.

ఇక్కడే ఒక చిక్కు కూడా బయటపడింది. మనం వాడే ఇంగ్లీషు మాటలన్నీ ఎక్కడ పడితే అక్కడ చెల్లవు. కువైట్‌లో ఎనిమిదేళ్ళు పనిచేసి వచ్చిన 46 ఏళ్ళ మహిళ ఒకరు ఈ మాట లేవనెత్తారు. "టిఫిను అన్నానండి ఒకసారి, మాతో పనిచేసే ఫిలిప్పీన్సు అమ్మాయితో. దానికి తెలీలేదు. ఎంత గట్టిగా అన్నా తెలీలేదు. ఆఖరికి బ్రెడ్డు చూపించాల్సొచ్చింది" అన్నారు. టిఫిన్ అన్నది మన దేశంలో దొరల కాలంలో వాడుకలోకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మాట అని మేష్టారు చెప్పారు.

వన్‌లో 'వ' ఎక్కడుంది?

కొబ్బరికాయల వ్యాపారి లెక్కల మనిషి. అంకెలు ఇంగ్లీషులో రాయమని పట్టుబట్టారు. ఓ, ఎన్, ఈ అని రాసి 'వన్' అని చదవగానే ఆయన చెయ్యెత్తారు. "మేష్టారూ, అందులో వకారం ఎక్కడుందండి? మూడక్షరాలూ చూశాను. లేదు" అన్నారు.

మేష్టారు ఆ ప్రశ్నను దాటవేయలేదు. తెలుగు ఎలా పలుకుతామో దాదాపు అలాగే రాస్తాం. ఇంగ్లీషు రాత అలా కాదు. ఇంగ్లండులో 1476లో కాక్స్‌టన్ అనే ఆయన అచ్చుయంత్రం పెట్టాడు. ఆ రోజుల నుంచీ రాత మెల్లగా స్థిరపడిపోయింది, జనం పలుకు మాత్రం మారుతూ పోయింది. పాత చొక్కా అలాగే ఉంది, మనిషి ఒళ్ళు చేశాడు. అందువల్ల కొన్ని మాటలు కళ్ళతో గుర్తుపెట్టుకోవలసిందే, వేరే దారి లేదని ఆయన స్పష్టంగా చెప్పేశారు. "అంటే తప్పు మనది కాదన్నమాట" అని వ్యాపారి సంతృప్తిగా కూర్చున్నారు.

మామ్మగారి సందేహం వేరు. ఇంగ్లీషులో నువ్వు అనడానికీ మీరు అనడానికీ ఒకటే మాట అని విని ఆవిడ ఇబ్బంది పడ్డారు. "వియ్యంకుడు గారిని కూడా 'యూ' అనేయడమేనా? బాగోదు గదా బాబూ" అన్నారు. నిజానికి ఇంగ్లీషులో ఒకప్పుడు చనువుగా పిలవడానికి 'దౌ' అనే మాట వేరే ఉండేది, 'యూ' అన్నది పదిమందినీ పెద్దవారినీ పిలిచే మాట. కాలక్రమాన చనువు మాట వాడుక తప్పింది. "మామ్మగారూ, వాళ్ళకు నువ్వు పోయిందండి. మిగిలింది మీరే. కాబట్టి నిక్షేపంగా అనండి" అని మేష్టారు చెప్పాక ఆవిడ కుదుటపడ్డారు.

ఈ వయసులో వస్తుందా అని అడిగిన వారికి ఆయన బ్రౌను దొర సంగతి చెప్పారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసుకు వచ్చేనాటికి 18 ఏళ్ళవాడు. తెలుగు అక్షరం రాదు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర మొదలుపెట్టి, 1820లో కడపకు వెళ్ళి, తెలుగు వాళ్ళకే నిఘంటువు అందించేంతవాడయ్యాడు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ఇది విని వెనక బల్ల నుంచి ఒకావిడ, "ఆయనకి జీతమిచ్చి నేర్పించారు గదండీ. నేను వెళ్ళి వంట చెయ్యాలి" అన్నారు. మేష్టారి దగ్గర దీనికి సమాధానం లేదు. బడి ఎనిమిదింటికి ఒక్క నిమిషం కూడా దాటదని మాట ఇచ్చారు.

అరబ్బీ వచ్చు, కాగితం రాదు

కువైట్‌లో ఎనిమిదేళ్ళున్న ఆ మహిళకు అరబ్బీ ధారాళంగా వచ్చు. వంటింట్లో విని విని నేర్చుకున్నారు. మరి ఇంగ్లీషు ఎందుకని ఈ విలేకరి అడిగితే ఆమె ఇచ్చిన వివరం ఇది. "ఇంట్లో మేడంతో మాటాడ్డానికి అరబ్బీ చాలండి. ఇల్లు దాటి అడుగు బయటపెడితేనే ఇంగ్లీషు. విమానం దగ్గర ఇంగ్లీషు, ఆస్పత్రిలో ఇంగ్లీషు, సంతకం పెట్టమనే కాగితం ఇంగ్లీషు. అరబ్బీ నోటికొచ్చింది గాని కంటికి రాలేదు."

మొదటిసారి వెళ్ళినప్పుడు నెలకు 120 దినార్లని చెప్పారట. ముంబయిలో విమానం ఎక్కే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అక్కడికి వెళ్ళాక చేతికి వచ్చింది 80. అడిగితే ఆ కాగితమే తీసి చూపించారు. "నా సంతకమేనండి. నేనే పెట్టాను. ఏం రాసుందో ఎవరినీ అడగలేదు. అడిగితే విమానం ఎక్కనివ్వరేమోనని భయం" అన్నారామె. మొదటి రెండేళ్ళూ ఆ జీతంతోనే చేశారు. మరో రెండు నెలల్లో మళ్ళీ వెళుతున్నారు. చిన్నమ్మాయి నర్సింగు చదువు ఇంకా మిగిలే ఉంది.

కాగితం చదవగలిగితే ఏం తెలుస్తుందో కూడా చెప్పుకోవాలి. ఇంటిపని వారి కోసం కువైట్ 2015లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఆమె ఒప్పుకోకుండా యజమాని పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు. చట్టం ఉన్నంత మాత్రాన అన్ని ఇళ్ళలోనూ అమలవుతుందని ఎవరూ అనుకోవడం లేదు. కానీ గదిలో ఉన్న ఎనిమిది మందిలో ఆ చట్టం సంగతి విన్నవారు ఒక్కరే.

మన వైపు నిబంధనలూ ఉన్నాయి. పదో తరగతి పాసుకాని వారు కువైట్, సౌదీ, ఖతార్, యు.ఏ.ఇ. వంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే వలస అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండి ఉండాలి. అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన కట్టించుకుంటారు. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు వస్తుంది. విజిటింగు వీసా మీద దొడ్డిదారిన తీసుకుపోయే ఏజెంటు ఈ సంగతులేవీ చెప్పడు. చెబితే వాడి బేరం పోతుంది.

ఒక లక్ష్మి, మూడు రాతలు

ఏడుంపావు దాటాక మేష్టారు అందరినీ ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఉంటే పాస్‌పోర్టు బయటికి తీయమన్నారు. ముందే తెమ్మని కబురు పెట్టారట. మొదటి రాతపని ఏబీసీడీలు కాదు, ఎవరి పేరు వారు ఇంగ్లీషులో చూసి రాసుకోవడం. ఇందులో ఇంత గొడవ ఉంటుందని వచ్చినవారెవరూ అనుకోలేదు.

కువైట్ మహిళ పేరులో లక్ష్మి ఉంది. ఆధార్ కార్డులో అది ఎల్-ఏ-కె-ఎస్-హెచ్-ఎమ్-ఐ. బ్యాంకు పుస్తకంలో ఎల్-ఏ-ఎక్స్-ఎమ్-ఐ. పాస్‌పోర్టులో ఎల్-ఏ-సి-హె‌చ్-ఎమ్-ఐ. అంటే లచ్చిమి. ఎవరో ఆమెను పేరేమిటని అడిగారు, ఆమె ఇంట్లో పిలిచినట్టు చెప్పారు, రాసుకున్నాయన విన్నది విన్నట్టు రాసుకున్నారు. ఇన్నేళ్ళుగా మూడు కాగితాలూ ఆమె బీరువాలో పక్కపక్కనే ఉన్నాయి. మూడూ తన పేరేనని ఆమె నమ్మకం. అక్షరాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకున్నాక, "ఇందులో నేనెవర్నండి?" అని అడిగారు.

తప్పు ఎవరిదని చెప్పడం కష్టమే. మన అక్షరాలు యాభై ఆరు, వాళ్ళవి ఇరవై ఆరు. ట, త రెండింటికీ ఒకే టి. డ, ద లకు ఒకే డి. దీర్ఘానికి గుర్తు లేదు. రమ అని రాసినా రామ అని రాసినా ఆర్-ఏ-ఎమ్-ఏ. ఒకరు త కోసం టి పక్కన హెచ్ చేరుస్తారు, ఇంకొకరు చేర్చరు. దేన్నీ తప్పనడానికి లేదు. కానీ కార్యాలయం బల్ల అవతల కూర్చున్నవారికి మూడు కాగితాల్లోనూ ఒకే రాత కావాలి. తేడా ఉంటే ముగ్గురు మనుషుల కింద లెక్క.

ఇంటిపేరుతో ఇంకో తిప్ప. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి వేరువేరుగా ఉంటాయి. తెలియక అంతా ఒకే గడిలో రాసి, రెండోది ఖాళీగా వదిలేసినవారు చాలామంది ఉన్నారు. అలా ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిటింగు వీసా మీద వచ్చేవారిని రానివ్వబోమని యు.ఏ.ఇ. 2022 నవంబరులో ప్రకటించింది. గదిలో ఉన్న ఒకామె పాస్‌పోర్టు సరిగ్గా అలాగే ఉంది. ఆమె వెళ్ళాలనుకుంటున్నది దుబాయికే. ఇంకా టిక్కెట్టు తీయలేదు కాబట్టి దిద్దించుకోవడానికి వ్యవధి ఉంది.

ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. పుట్టిన తేదీకి ఒక్కసారే. కాబట్టి ముందు ఏ రాత స్థిరం చేసుకోవాలో ఇంట్లో కూర్చుని తేల్చుకున్నాకే మీసేవకు వెళ్ళండని మేష్టారు హెచ్చరించారు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. తెలుగులో పెట్టిన సంతకం ఎక్కడైనా చెల్లుతుంది. ఇంగ్లీషు సంతకం నేర్చుకోవడానికే వచ్చామనుకున్న ఇద్దరు ముగ్గురికి ఇది కొంచెం నిరాశే కలిగించింది.

ఇంతసేపూ స్తంభం పక్కన ఒక ముసలామె కదలకుండా కూర్చుని ఉన్నారు. ఆమె చేతిలో కాగితాలు లేవు. ఆమెకు తెలుగు చదవడం కూడా రాదని అప్పుడు తెలిసింది. మనవడు కొనిచ్చిన ఫోనులో ఎవరు చేస్తున్నారో తెలుసుకోవాలని వచ్చారు. నల్లబల్ల మీద ఓ అక్షరం చూసి "సున్న" అన్నారు, అది తప్ప వేరేదీ గుర్తుపట్టలేదు. మేష్టారు ఆమెకు ఏ ఆశా పెట్టలేదు, వద్దనీ అనలేదు. అరగంట ముందు వస్తే తెలుగు అక్షరాలు విడిగా చెబుతానన్నారు. ఆమె సరేనన్నారు గాని, వస్తారో రారో ముఖం చూసి చెప్పలేం.

తెలుగులోనే అనలేని మాట

చివరి పావుగంట నోటి పాఠం. 'మై నేమ్ ఈజ్' అని పేరు చెప్పడం అందరికీ తొందరగానే వచ్చింది. రెండోది 'ఐ డోంట్ అండర్‌స్టాండ్', అంటే నాకు అర్థం కాలేదు. దీన్ని నాలుగుసార్లు అనిపించారు. పలుకు పరవాలేదు, గొంతు మాత్రం లేవలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం ఏ భాషలోనైనా కష్టమే కాబోలు. పెద్ద చదువులు చదివిన ఈ విలేకరికి కూడా కార్యాలయాల్లో ఆ మాట నోట రాదు.

మూడో మాట కువైట్ మహిళ అడిగి చెప్పించుకున్నారు. "కాగితం చదివాకే సంతకం పెడతానని ఎలా అనాలండి?" అన్నారు. మేష్టారు ఒక్క క్షణం ఆలోచించి చిన్నదిగా చేసి ఇచ్చారు. 'ఐ విల్ రీడ్ ఫస్ట్.' నల్లబల్ల మీద ముందు తెలుగు అక్షరాల్లో, దాని కింద ఇంగ్లీషులో రాశారు. ఇంగ్లీషులో పని చెప్పే మాట ముందుకొస్తుందనీ, మన తెలుగులో అది వాక్యం చివర ఉంటుందనీ అప్పుడే ఒక ముక్కలో చెప్పి వదిలేశారు.

ఆమెను లేచి నిలబడి అనమన్నారు. మేష్టారు స్వయంగా ఏజెంటు వేషం కట్టి, తెల్ల కాగితం, పెన్ను చేతికిచ్చి "త్వరగా పెట్టమ్మా, విమానానికి టైమైపోతోంది" అని గద్దించారు. ఆమె పెన్ను పట్టుకున్నారు. నోరు విప్పారు. మాట రాలేదు. పక్కవాళ్ళు అందిస్తున్నా రాలేదు. "ఇప్పుడే అన్నారు గదమ్మా?" అంటే, "మాట వచ్చిందండి. కాని ఎదురుగా మనిషి నిలబడితే... తెలుగులో కూడా ఎవరితోనూ ఎప్పుడూ అనలేదండి అలాగ" అన్నారు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మేష్టారు మళ్ళీ కాగితం ఇచ్చారు. రెండోసారి తెలుగులో అనమన్నారు. "చదివాక పెడతానండి" అన్నారామె, కిందికి చూస్తూ. మూడోసారి ఇంగ్లీషులో అన్నారు. 'ఫస్ట్' అన్నది 'ఫస్టు' అయింది. ఎవరూ దిద్దలేదు. తర్వాత గల్ఫ్ వెళ్ళేవారంతా వరసగా లేచి ఆ కాగితం ముందు నిలబడ్డారు. ఖతార్ కుర్రాడు గడగడా అనేశాడు. దుబాయి వెళ్ళాలనుకుంటున్నామె మేష్టారి చేతిలోంచి కాగితం లాక్కుని మరీ అన్నారు.

ఎనిమిదికి రెండు నిమిషాలుందనగా కరెంటు పోయింది. ఫోన్ల వెలుగులో ఎవరి కాగితాలు వారు వెతుక్కున్నారు. ఒకరి పాస్‌పోర్టు ఇంకొకరి సంచిలోకి వెళ్ళింది. అందరివీ ఒకే రంగు అట్టలు. కువైట్ మహిళ ఒక్కొక్కటీ తెరిచి, ఫోను లైటు పెట్టి, పేరులో మొదటి అక్షరం చూసి ఎవరిది వారికి అందించారు. ఆరింటిలో ఒకటి తప్పు.

వారానికి నాలుగు రోజులు, సోమవారం నుంచి గురువారం వరకు, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా బడి ఉంటుంది. పుస్తకాలు కొనక్కర్లేదు. రెండోరోజు ఇంట్లో అందరి కార్డులూ తెచ్చి పేర్లు సరిచూసుకోవాలని మేష్టారు చెప్పి పంపారు.

గేటు బయట మోటారు సైకిలు మీద ఒకాయన ఎదురుచూస్తున్నారు. సాయంత్రం కూతురి పుస్తకం ఇవ్వడానికి వచ్చానన్న ఆవిడ వెళ్ళి వెనక కూర్చున్నారు. "ఏం చెప్పారేంటి?" అని ఆయన అడిగారు. "రేపు మీ ఆధార్ కార్డు కూడా తెమ్మన్నారు. మీ పేరు సరిగ్గా ఉందో లేదో నేను చూడాలి" అన్నారావిడ. బండి కదిలింది.